ఏడో ర్యాంకు కాలేజీ పలక

జూలై నెల వచ్చిందంటే మార్కాపురం బస్టాండు రోడ్డులో వసుంధర దుకాణం ముందు చెప్పులు పేరుకుపోతాయి. జెరాక్సు, స్టేషనరీ, ఆన్‌లైన్ దరఖాస్తులు అని బోర్డు మీద ఉంటుంది గానీ ఆ నెలలో వచ్చేవాళ్ళందరిదీ ఒకటే పని. ఎంసెట్ రాసి ర్యాంకు కార్డు చేతబట్టుకున్న పిల్లలు, వాళ్ళ వెనక ఊపిరి బిగబట్టుకున్న అమ్మానాన్నలు. ఏ ఇంజినీరింగ్ కాలేజీ ముందు పెట్టాలి, ఏది వెనక పెట్టాలి అన్న వరసను కంప్యూటర్లో ఎక్కించి గడువులోగా ఖాయం చెయ్యాలి. పిల్లల నాలుగేళ్ళ బతుకు ఆ వరస మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని పావుగంటలో తేల్చిపారేసే దుకాణాలు ఆ రోడ్డులో ఇంకో నాలుగున్నాయి. వసుంధర దగ్గర ఒక్కొక్కరికి రెండు గంటలు పడుతుంది. అయినా జనం అక్కడే కూర్చుంటారు. విసుక్కుంటూనే కూర్చుంటారు.

వసుంధర పుట్టిల్లు గిద్దలూరు. డిగ్రీ రెండో ఏడులో ఉండగా మార్కాపురం కోడలై వచ్చింది. మామగారిది పలకల వ్యాపారం. మార్కాపురం పలక లేనిదే బడికి పోని రోజుల్లో ఆయన లారీలకు లారీలు ఎత్తించిన మనిషి. పిల్లలు నోటు పుస్తకాలకు మారాక అమ్ముడుపోని సరుకు చెక్క చట్రాలతో సహా అటకెక్కింది. ఆయన పోయాక కొడుకు బ్రహ్మానందం అదే దుకాణాన్ని స్టేషనరీగా మార్చాడు. బ్రహ్మానందం నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఆయన భార్య వసుంధర తీర్చింది. కంప్యూటర్ నేర్చుకున్నదీ ఆమే, వచ్చినవాళ్ళతో గొడవ పడేదీ ఆమే.

మొదట్లో వసుంధరా అందరిలాగే చేసింది. ఏటా ఒక పత్రికవాళ్ళు వేసే కాలేజీల ర్యాంకుల పట్టికను కత్తిరించి గోడకు అంటించేది. పిల్లవాడి ర్యాంకు చూడటం, పట్టికలో పైనుంచి కిందికి దిగుతూ పోవడం, అంతే పని. వేలు పెట్టి చూపిస్తే తల్లిదండ్రులకూ ధైర్యంగా ఉండేది. వసుంధర చెయ్యి మంచిదని, ఆమె నింపితే సీటు వస్తుందని పేరు కూడా వచ్చింది. ఆ పేరు తల్చుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక దసరాకు ఆ మంట మొదలైంది. సెలవులకు వచ్చిన పిల్లలు అమ్మవారిశాలలో అలంకారం చూసి, పోతూ పోతూ దుకాణం దగ్గర ఆగేవాళ్ళు. యర్రగొండపాలెం నుంచి వచ్చిన ఒక పిల్లను వసుంధర మాటవరసకు అడిగింది, కాలేజీ ఎట్లుందని. పట్టికలో ఏడో ర్యాంకు తెచ్చుకున్న వజ్రగిరి ఇంజినీరింగ్ కాలేజీ అది. ఆ పిల్లకు దాన్ని మొదట పెట్టింది తనే.

"బాగుంది ఆంటీ, బిల్డింగులు" అంది ఆ పిల్ల.

"బిల్డింగులు సరే. ల్యాబులు?"

"ల్యాబులకు తాళం ఉంటది ఆంటీ. ఎవరన్నా చూడడానికి వచ్చిన రోజు తీస్తారు. ఆ పొద్దు మాకు తెల్లకోట్లు ఇచ్చి నిలబెడతారు."

పిల్ల నవ్వుతూనే చెప్పింది. వసుంధరకు నవ్వు రాలేదు. పిల్ల వెళ్ళాక గోడ మీది పట్టిక దగ్గరికి పోయి, కళ్ళజోడు పెట్టుకుని, అడుగున చీమల్లా ఉన్న అక్షరాలు మొదటిసారి చదివింది. కాలేజీలు స్వయంగా పంపిన వివరాల ఆధారంగా ఈ ర్యాంకులు ఇవ్వబడినవి అని ఉంది. అంటే పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని మార్కులు చెప్పాడు, పత్రిక అచ్చేసింది, తను గోడకు అంటించింది! ఎంతమంది పిల్లల్ని ఆ మెట్ల మీదుగా కిందికి దించిందో లెక్కేసుకోబోయి మానేసింది. పట్టికను చింపి కుప్పలో వేసింది. మర్నాడు బ్రహ్మానందం చేత అటక మీంచి పలకలు దింపించింది.

కాలేజీకొక పలక. ఈ చుట్టుపక్కల పిల్లలు చేరే కాలేజీలు ఒంగోలు, నంద్యాల, కర్నూలు, నరసరావుపేట వైపు అన్నీ కలిపి ఇరవై పైచిలుకు తేలాయి. చట్రం మీద కాలేజీ పేరు. పలక మీద రాసే హక్కు అక్కడ చదువుతున్న పిల్లలకే. సార్లు రోజూ క్లాసుకు వస్తారా, ల్యాబులో మీ చేత్తో మీరు చేసిందేమిటి, హాస్టలూ బస్సూ ఎట్లా ఉన్నాయి అన్న మూడింటికీ వాళ్ళ చేతిరాతతో జవాబు రాయాలి. కింద ఏ సంవత్సరం చదువుతున్నారో వెయ్యాలి. ఆర్నెల్లకోసారి పాతది తుడిచి కొత్తది రాయాలి. వసుంధర మాత్రం బలపం ముట్టదు. తను చదవని కాలేజీ గురించి తనెట్లా రాస్తుంది? ఆ నియమం ఆమె తనకు తాను పెట్టుకున్నదే.

"మార్కులు కూడా వేస్తే బాగుంటది గదక్కా. పదికెన్ని అని" అని సలహాలిచ్చినవాళ్ళున్నారు.

"నీకు నీళ్ళు ముఖ్యం, ఇంకొకరికి ల్యాబు ముఖ్యం. రెంటినీ కలిపి నేనెట్ల మార్కులేసేది?" అని కసిరేది.

ఇంతవరకు చెబితే వసుంధర గొప్పది, కథ కంచికి అనుకోవచ్చు. ఆమె చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆ తప్పును ఆమె తనే అందరికీ చెబుతుంది గనక మనం దాచాల్సిన పని లేదు.

పలకల్ని గోడకు మేకులు కొట్టి వరసగా తగిలించింది. గుమ్మం పక్క మేకుకు నంద్యాల వైపు కాలేజీ ఒకటి పడింది. దాని చట్రానికి తాడు కాస్త పొడుగు, ఆ మేకు కాస్త ఎత్తు, అంతకుమించి ఏమీ లేదు. రాచర్ల నుంచి సత్యానందం అనే పిల్లవాడు వచ్చి ఆ కాలేజీనే మొదట పెట్టించుకున్నాడు. ఆ రోజు రద్దీలో వసుంధర ఎందుకని అడగలేదు. రెండు నెలలు తిరక్కుండానే వాడు పెట్టె సర్దుకుని వెనక్కి వచ్చేశాడు.

"హాస్టల్లో నీళ్ళు రెండు రోజులకోసారి ఆంటీ. కడుపు చెడిపోయి ఆస్పత్రిలో పడినాను" అన్నాడు.

"పలక మీద రాసే ఉంది గదరా, నీళ్ళ సంగతి!"

"చదవలేదాంటీ. ఫస్టు మేకు గదా, మీ ఫస్టు ర్యాంకు అదే అనుకుంటిమి. మా ఊర్లో అందరూ అట్లే అంటారు. ఫలానా కాలేజీ ఎన్నో మేకు అనే అడుగుతారు."

వసుంధర గోడ వైపు చూసింది. పత్రికవాళ్ళ పట్టిక చింపి, తన గోడ మీద తానే ఇంకో పట్టిక వేలాడదీసింది. అదీ తనకు తెలియకుండా! వాళ్ళైనా ఏదో లెక్కంటూ వేశారు, తనది తాడు పొడుగును బట్టి వేసిన ర్యాంకు. సత్యానందానికి ఆ ఏడాది పోయింది. వాడి ముందే ఏడ్చింది, క్షమించమని అడిగింది. తర్వాత సుత్తి తీసుకుని మేకులన్నీ పీకేసింది. పలకల్ని ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో వేసి బల్ల మీద పెట్టింది. రోజుకు ఇరవైసార్లు కలిసిపోతాయవి. ఏది కావాలన్నా వెతికి, చేతిలోకి తీసుకుని, చదవాల్సిందే. ఒక్కొక్కరికి రెండు గంటలు పట్టడం అప్పటి నుంచే మొదలైంది.

ఇక పోయిన జూలై సంగతి. ఆప్షన్ల గడువు ఆఖరి రోజు, సాయంత్రం ఆరు వరకే సమయం. నాలుగున్నరకు పెద్దారవీడు వైపు పల్లె నుంచి పుల్లయ్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పుల్లయ్యకు నాలుగెకరాల మెట్ట, గొర్రెలూ మేకలూ కలిపి కొన్ని జీవాలు. కూతురు పేరు శ్రీశైలమ్మ. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఆ పల్లె నుంచి ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి పిల్ల.

"అక్కా, పాప ఏదో మార్చాలంటాది. కొండలరావు సారు అంతా పూర్తి చేసినాడు గానీ ఇది వింటల్లేదు" అన్నాడు.

కొండలరావు అంటే వజ్రగిరి కాలేజీ తరఫున ఊళ్ళు తిరిగి పిల్లల్ని చేర్పించే మనిషి. పల్లెకు వచ్చి, రంగురంగుల పుస్తకం చూపించి, పుల్లయ్య ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకుని, తన ల్యాప్‌టాప్‌లోనే ఆప్షన్లు నింపేశాడు. మొత్తం ఒక్కటే ఆప్షన్, వజ్రగిరి. గడువు ముగిసేలోగా మార్చుకోవచ్చు. మార్చాలంటే పుల్లయ్య ఫోనుకు మళ్ళీ ఓటీపీ రావాలి, పుల్లయ్య దాన్ని చదవాలి. ఆరు దాటితే శ్రీశైలమ్మ వజ్రగిరికి పోయినట్టే.

వసుంధర టబ్బు వైపు చూపించింది. శ్రీశైలమ్మ పలకలు ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టింది. వజ్రగిరి పలక దొరికాక రెండుసార్లు చదివి, తండ్రికి వినిపించింది. "ఎలక్ట్రానిక్స్ ల్యాబు ఈ ఏడాది మూడుసార్లు తెరిచారు. ఆడపిల్లల హాస్టల్ కాలేజీకి నాలుగు కిలోమీటర్లు. ఇంగ్లీషు అర్థం కాకపోతే అడిగే దిక్కు లేదు. మూడో సంవత్సరం." తర్వాత మరో పలక తీసింది. అది నరసరావుపేట వైపు చిన్న కాలేజీ. "బిల్డింగు పాతది. మేడమ్ సాయంత్రం తెలుగులో మళ్ళీ చెబుతుంది. ల్యాబులో సర్క్యూట్ బోర్డు నేనే సోల్డర్ చేసి అతికించాను, రెండు కాల్చాను, తిట్టలేదు. హాస్టల్ కూర బాగుండదు. రెండో సంవత్సరం."

"నాయనా, ఇది ముందు పెడదాం" అంది శ్రీశైలమ్మ.

"అది లిస్టులో ఎన్నోది?"

"లిస్టులో లేదు."

పుల్లయ్య మొహం మాడిపోయింది. "లిస్టులోనే లేని కాలేజా! ఊర్లో ఏమని చెప్పుకుంటానమ్మా? ఏడో ర్యాంకు కాలేజీ అని ఫ్లెక్సీ గూడా కొట్టించినారు గదా మనోళ్ళు." వసుంధర వైపు తిరిగాడు. "ఏందక్కా, ఆ లిస్టు అంతా అబద్ధమేనా?"

"అంతా అబద్ధమని నేననను అన్నా. పేరు ఎప్పుడూ వినని కాలేజీ అసలుందో లేదో చూసుకోడానికి పనికొస్తది. పాప యాడ కూర్చోవాలో చెప్పడానికి పనికిరాదు. ఆ లిస్టు వేసినోళ్ళు పెద్దారవీడు పిల్లకు ఏం కావాలని అడగలేదు. బిల్డింగులెన్ని, ఎకరాలెన్ని అని అడిగినారు, కాలేజీవాళ్ళు చెప్పినారు, అచ్చేసినారు. మార్కాపురాన్ని జిల్లా చెయ్యమని ఎన్నేళ్ళు అడిగినా ఇయ్యలేదు గానీ ర్యాంకులు మాత్రం ఎవరడిగినా ఇస్తారు."

"అయితే ఏది పెట్టమంటావో నువ్వే చెప్పు."

"నేను చెప్పను. ఒకసారి మేకుతో చెప్పి ఒక పిలగాని ఏడాది తిన్నాను. పాప చదివింది, పాప చెబుతాంది. ఫోను నీ చేతిలో ఉంది."

పుల్లయ్య ఏమీ తేల్చుకోలేక బయటికి పోయి కొండలరావుకే ఫోను చేశాడు. పది నిమిషాల్లో కొండలరావు బైకు దిగాడు. మార్కాపురంలోనే ఉన్నాడు, ఆఖరి రోజు గదా, వేట బాగా సాగుతోంది. తెల్లచొక్కా, మెడలో కాలేజీ కార్డు. లోపలికి వస్తూనే నవ్వాడు.

"ఏంటి మేడమ్, మా అడ్మిషన్ చెడగొడుతున్నారట?"

"కూర్చోండి. చెడగొట్టడానికి నా దగ్గరేముంది? ఆ పలక మీద మీ కాలేజీ పిల్లలు రాసిందే ఉంది. తప్పైతే చెప్పండి" అంది వసుంధర.

కొండలరావు చదివాడు. నవ్వు పోయింది. "ఎవడో మార్కులు రానివాడు రాశాడు. మేడమ్, మాది దేశమంతా చూసి ఇచ్చిన ర్యాంకు. మీరు పలకలతో పోటీకొస్తారా? మా చైర్మన్ గారికి తెలిస్తే పరువు నష్టం కేసు పడుతుంది."

దుకాణంలో కూర్చున్న పదిమందీ ఇటు తిరిగారు. లోపల జెరాక్సు తీస్తున్న బ్రహ్మానందం మిషను ఆపి, పోనిద్దువూ అన్నట్టు చెయ్యి ఊపాడు. వసుంధర ఆ చెయ్యి చూడనట్టే ఉండిపోయింది.

"వెయ్యండి. కోర్టు మాకూ దగ్గరే. రాసినోళ్ళ పేరు మాత్రం నా నోట రాదు. ల్యాబు ఈ ఏడాది మూడుసార్లు కాదు, ముప్పైసార్లు తెరిచినామని అక్కడ చెప్పండి. ఇక్కడా చెప్పండి, మేమూ వింటాం. చెప్పండన్నా, ఎన్నిసార్లు తెరిచినారు?"

"ఆ వివరాలు ఆఫీసులో ఉంటాయి."

"ల్యాబు తాళం సంగతి ఆఫీసులో వెతకాల్నా? ర్యాంకేమో నోటికొస్తది!"

అప్పుడు కొండలరావు చేసిన పని ఆ దుకాణంలో అంతకు ముందెవరూ చెయ్యలేదు. అరచేతిని నాలుకతో తడి చేసుకుని, పలక మీద అడ్డంగా ఒక్క రుద్దు రుద్దాడు. ఇంకో రుద్దు. అక్షరాలు బూడిద మరకైపోయాయి. పలకను బల్ల మీద పెట్టి, "అయిపోయింది. ఇప్పుడేం కనిపిస్తుందో చదువుకోమనండి" అన్నాడు.

వసుంధర విసురుగా లేచింది. ఒక పిల్ల సెలవుల్లో గంటసేపు కూర్చుని, భయపడుతూ భయపడుతూ రాసిన మూడు వాక్యాలవి. వాటిని ఈ పెద్దమనిషి ఉమ్మితో చెరిపేశాడు. ఆమె నోరు తెరిచేలోపు పుల్లయ్య ముందుకొచ్చాడు. పలకను తీసుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. తర్వాత కొండలరావు మొహం చూశాడు.

"సారూ, నేను జీవాలు కొంటాను, అమ్ముతాను. నా పొట్టేలుకు కుంటు ఉందని ఎవరన్నా అంటే, అది అబద్ధమైతే దాన్ని నాలుగడుగులు నడిపించి చూపిస్తాను. అన్నోడి నోరు ముయ్యను. నీకు ల్యాబు ఉంటే ఫోన్లో ఫోటో అయినా చూపించేవాడివి గదా. ఎందుకు తుడిచినావు?"

కొండలరావు ఎర్రబడ్డాడు. "పుల్లయ్యా, నీ మంచికి చెబుతున్నా. మీ పల్లె పిల్లకు ఆ పేరు చాలదా? ల్యాబు గీబు మీకెందుకు?"

జవాబు శ్రీశైలమ్మ నుంచి వచ్చింది. అంతవరకు గట్టిగా మాట్లాడని పిల్ల లేచి నిలబడింది. "పేరు మా నాయన పెట్టినాడు సార్ నాకు, అది చాలు. నేను పోయేది నేర్చుకోడానికి" అంది.

ఐదూ నలభై. వసుంధర కంప్యూటర్ ముందు కూర్చుని ఓటీపీ అడిగే చోట నొక్కింది. పుల్లయ్య చేతిలో ఫోను మోగింది. కొండలరావు వద్దన్నట్టు అతని భుజం మీద చెయ్యి వేశాడు. పుల్లయ్య ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు, దురుసుగా కాదు, దారిలో అడ్డమొచ్చిన కొమ్మను పక్కకు తీసినట్టు. అంకెలు ఒక్కొక్కటే దుకాణమంతా వినబడేట్టు చదివాడు. నరసరావుపేట కాలేజీ మొదటికి ఎక్కింది. దాని కింద ఇంకో ఆరు కాలేజీలు శ్రీశైలమ్మ తను చదివిన పలకల్లోంచి చెప్పింది. వజ్రగిరి తీసేసింది. ఖాయం చేసే మీట కూడా తనే నొక్కింది.

"ఊర్లో ఫ్లెక్సీ ఎట్లమ్మా?" అన్నాడు పుల్లయ్య.

"పీకేద్దాం నాయనా."

వసుంధర లేచింది. టబ్బు దగ్గరికి వచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి తన చేత్తో బలపం తీసుకుంది. తుడిచేసిన పలక మీద, మరకల మీదుగానే, పెద్ద అక్షరాలతో రాసింది. "ఈ పలక మీద పిల్లలు రాసినదాన్ని కాలేజీ మనిషి కొండలరావు తుడిచినాడు. మేం పదిమందిమి చూసినాం." కింద తారీఖు వేసింది. ఇది తను కళ్ళారా చూసింది గనక రాసే హక్కు తనకుంది. గోడ మీద మిగిలిపోయిన మేకు ఒక్కటైనా లేదు. అందుకని పలకను గుమ్మంలో, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనిపించేట్టు స్టూలు మీద నిలబెట్టింది.

కొండలరావు అప్పటికి బైకు దగ్గరికి పోయి, అది చూసి వెనక్కి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది. "అమ్మా, నా పేరెందుకు? నేను జీతగాణ్ణి. అది తుడిచెయ్యండి."

"నేను తుడవను. నువ్వూ తుడవొద్దు" అంది వసుంధర. "పోయి ల్యాబు తాళం తీయించు. దసరాకు మా పిల్లలొస్తారు. తీసినారంటే వాళ్ళే తుడుస్తారు."